యాభై దాటితే సున్నా

చిలకలూరిపేట,
నవంబరు 6

ఒసేయ్ ఆరాధనా,

ఫోన్ చేద్దామని రెండుసార్లు చేతిలోకి తీసుకుని పక్కన పెట్టాను. నీ గొంతు వింటే మెత్తబడిపోతాను. గుంటూరులో బి.ఎ. చదివేటప్పుడూ అంతేగా, నిన్ను తిడదామని హాస్టల్ గదికి వచ్చి, నీతో కలిసి పకోడీలు తిని వెళ్లిపోయేదాన్ని. కాగితం మీదైతే నువ్వు నన్ను నవ్వించలేవు. అందుకే రాస్తున్నాను. నువ్వూ రాసే జవాబివ్వు.

నిన్న మా మిల్లర్ల సంఘం వాళ్లు వాట్సాప్‌లో ఒక రిపోర్టు పంపారు. పత్తి జిన్నింగ్ మిల్లుల్లో దుమ్ము లాగే యంత్రాలు తప్పనిసరి చేస్తూ రూలు తేవాలా వద్దా, తెస్తే ఖర్చెంత, ప్రయోజనమెంత అని ప్రభుత్వం వేయించిన లెక్క అది. ఖర్చు ఎక్కువ, ప్రయోజనం తక్కువ, కాబట్టి రూలు అవసరం లేదని తేల్చారు. సంఘం గ్రూపులో అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం మొదట్నుంచీ చివరిదాకా చదివాను. చదవకుండా ఉంటే బాగుండేది.

మా మిల్లు సంగతి నీకు తెలుసు. హైవే పక్కన మా మామగారు పెట్టింది. రైతు తెచ్చిన పత్తిలోంచి గింజ తీసి, దూది బేళ్లు కడతాం. పాతిక మంది ఆడవాళ్లు పనిచేస్తారు. ఒకప్పుడు సీజన్లో లోపల అడుగు పెడితే పొగమంచులాగా దూది తేలుతుండేది. మూడేళ్ల కిందట మా ఆయన హయాత్‌తో పోట్లాడి మరీ ఫ్యాన్లూ గొట్టాలూ పెట్టించాను. ఆటోనగర్‌లో ఒక వెల్డింగు షాపువాడు చేసిచ్చాడు. అన్నీ కలిపి మూడు లక్షలు దాటలేదు. ఇప్పుడు ఈ చివర నిలబడితే ఆ చివర మనిషి ముఖం కనిపిస్తుంది.

పోయిన వేసవిలో మీ ఆఫీసు సర్వే వాళ్లు వచ్చి, ఇలాంటిది పెట్టాలంటే ఎంతవుతుందని అడిగారు. బిల్లు చూపించాను. మిగతా మిల్లులవాళ్లు పన్నెండు లక్షలన్నారు. అలా అనమని సంఘం చెప్పింది, ఆ మెసేజ్ నాకూ వచ్చింది. వాళ్లలో ఒక్కడూ కొనలేదు, కనీసం రేటు కూడా అడగలేదు. కొనని వాళ్ల అంకెలన్నీ కూడి సగటు తీశారు. కొన్నది నేనొక్కదాన్నే. నా గురించి రాసిన వాక్యం ఇదీ: “ఒక చిన్న మిల్లు ఇచ్చిన అంచనా మిగతావాటితో పొంతన లేనందున లెక్కలోకి తీసుకోలేదు.”

అంచనా ఏంటే? నేను కట్టిన డబ్బది!

చివరి పేజీలో ఈ లెక్క వేసినవాళ్ల పేర్లున్నాయి. మూడో పేరు నీది. ఆ వాక్యం నువ్వే రాశావా?

నస్రత్

•

తాడేపల్లి,
నవంబరు 17

ప్రియమైన నస్రత్,

నీ ఉత్తరం ఆఫీసు చిరునామాకు వచ్చింది. ఇకమీదట ఇంటికి రాయి.

ఆ వాక్యం నేను రాయలేదు. ఖర్చుల భాగం నాది కాదు. సర్వేలో నలభై మంది ఒక మాట చెప్పి ఒక్కరు వేరే మాట చెబితే, ఆ ఒక్కటీ పొరపాటేమోనని పక్కన పెట్టడం మా పద్ధతి. చాలా సందర్భాల్లో అది నిజంగా పొరపాటే అయి ఉంటుంది. నీ విషయంలో అలా కాలేదు. నాకు బాధగా ఉంది.

కానీ ఈ పనినే తప్పుపట్టకు. ఇదివరకు రూల్స్ ఎలా వచ్చేవో నీకు తెలుసు. ఎవరి మాట చెల్లుబాటైతే వాళ్లు చెప్పినట్టు. దానివల్ల ఎవరికి మేలు, ఎవరి మీద భారం అని అడిగినవాళ్లు లేరు. ఇప్పుడు రూలు పెట్టే ముందే రెండు పక్కలా తూకం వేసి, ఆ కాగితాన్ని జనం ముందు పెట్టాలి. జనం తప్పులు చూపించవచ్చు. నేను ఈ ఉద్యోగంలో చేరింది అందుకే. తూకం అనేది ఉంటే గట్టిగా అరిచేవాళ్లదే గెలుపు కాకుండా ఉంటుందని నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను.

అభ్యంతరాలు పంపడానికి గడువుంది. బిల్లు జతచేసి పంపించు. జనవరిలో గుంటూరులో బహిరంగ విచారణ కూడా ఉంటుంది. హయాత్ గారిని అడిగానని చెప్పు.

నీ
ఆరాధన

•

చిలకలూరిపేట,
నవంబరు 26

ఆరాధనా,

ఖర్చుల భాగం నీది కాదన్నావు. నాకూ ఎకనామిక్స్ పట్టా ఉందే తల్లీ. లెక్కలో రెండే భాగాలుంటాయి. ఒకటి నీది కాకపోతే రెండోది నీదే.

సరే, ఆ రెండో భాగం మళ్లీ తీసి చదివాను. దుమ్ము తగ్గితే ఆడకూలీల ఆరోగ్యం బాగుపడుతుందని ఒప్పుకున్నారు, అంతవరకు సంతోషం. ఆ బాగుపడటం విలువెంత అంటే, జబ్బు వల్ల పోయే కూలి డబ్బులే దాని విలువ అన్నారు. మిల్లు నడిచేది సీజన్లోనే కాబట్టి ఆ నెలల కూలే లెక్క. మిగతా నెలల్లో వాళ్లు ఊపిరి పీల్చరు కాబోలు! ఆడవాళ్ల కూలి మగవాళ్ల కంటే తక్కువ కాబట్టి వాళ్ల ఆరోగ్యం విలువా తక్కువే. యాభై దాటినవాళ్లకు కూలి దొరకదు కాబట్టి సున్నా. ఇప్పుడు కుర్రదానిగా ఉన్న మనిషికి పాతికేళ్ల తర్వాత రాబోయే జబ్బును తప్పిస్తే, ఆ మేలును ఏడాదికింత చొప్పున కోసుకుంటూ ఈనాటి విలువకు తెచ్చారు. తెచ్చేసరికి చిల్లర మిగిలింది. మిల్లు ఓనరు ఖర్చు మాత్రం ఇవాళే పెట్టాలి కాబట్టి పైసా తగ్గలేదు.

మా దగ్గర జయకుమారి అని పనిచేస్తుంది. ప్రత్తిపాడు నుంచి వస్తుంది. పద్దెనిమిదేళ్లప్పటి నుంచీ ఏదో ఒక మిల్లులో మిషనుకు పత్తి అందిస్తూనే ఉంది. మా దగ్గరికి వచ్చేటప్పటికే ఛాతీ పాడైంది. ఆదివారం చర్చికి వెళ్లి ఇంట్లో ఉంటే కాస్త తేరుకునేది, సోమవారం పనిలోకి దిగగానే మళ్లీ గుండె మీద బండ పెట్టినట్టు పట్టేసేది. ఆమెను చూసే నేను ఫ్యాన్లు పెట్టించింది. ఆమెకు ఆలస్యమైపోయింది. ఇప్పుడు బయట కూర్చుని పత్తిలో పుల్లలు ఏరే పని ఇచ్చాను. వయసు యాభై రెండు.

నిన్న ఆమె పక్కన కూర్చుని చెప్పాను, “జయకుమారీ, గవర్నమెంటు లెక్కలో యాభై దాటాక నువ్వు సున్నావి” అని.

“సున్నా అంటే ఏందమ్మా?”

“నీ ఊపిరి పోయినా ఎవరికీ నష్టం లేదని.”

ముందు నవ్వింది. “నా మొగుడు కూడా అంత మాట అన్లేదమ్మా” అంది. ఆ తర్వాత చేతిలో పత్తి కింద పడేసింది. “మరి పొద్దున్నే నీళ్లు మోసేదెవరు? మా కోడలు మిరప్పళ్లు కోయడానికి పోతే పిల్లదానికి బువ్వ పెట్టేదెవరు? ఆ రాసినోళ్లింట్లో వంట ఎవరు చేత్తన్నారంట? అడిగి చెప్పమ్మా నాకు.”

అడుగుతున్నాను. మీ ఇంట్లో వంట ఎవరు చేస్తున్నారే ఆరాధనా?

నస్రత్

•

తాడేపల్లి,
డిసెంబరు 10

నస్రత్తూ,

మా ఇంట్లో వంట నేనే చేస్తున్నాను. నీ ఉత్తరం వంటగదిలో నిలబడే చదివాను. పప్పు మాడిపోయింది.

నీకు చెప్పకూడదని అనుకున్నది ఒకటుంది. చెప్పనందుకు నువ్వు నన్ను అనుమానించావు. కాబట్టి విను.

నేను మొదట రాసింది అది కాదు. మొదట రాసిన లెక్కలో ఇంటిపని ఉంది. పన్నెండు నెలలూ ఉన్నాయి. ఆస్పత్రి ఖర్చులున్నాయి, కూతురో కోడలో పని మానుకుని పక్కన కూర్చున్న రోజులున్నాయి. యాభై దాటిన వాళ్లూ ఉన్నారు. అలా లెక్కేస్తే మీ సంఘం చెప్పిన పన్నెండు లక్షలు పెట్టినా కూడా ప్రయోజనమే ఎక్కువ తేలింది. ఖర్చుల భాగంలో ఎంత తప్పున్నా సరే రూలు నిలబడుతుందని ధీమాగా ఉన్నాను.

మా డైరెక్టరు గారు పిలిచారు.

“ఇంటిపనికి మార్కెట్ రేటు ఎక్కడుందమ్మా?”

“వంటమనిషికి జీతం ఇస్తాం కదా సార్. అదే రేటు.”

“అది మీ ఊహ. ఊహలు కోర్టులో నిలబడవు.”

“మరి పన్నెండు లక్షలు సార్?”

“అది సర్వే. దాని మీద సంతకాలున్నాయి.”

నా పేజీల మీద అడ్డంగా గీత కొట్టి, సీజను కూలి ఒక్కటే ఉంచమన్నారు. వారం రోజులు వాదించాను. చివరికి ఆ భాగాన్ని ఇంకొకరి చేత రాయించి, నా పేరు అలాగే ఉంచేశారు. ఆయన లంచగొండి కాదు నస్రత్. ఒక్క రూపాయి ముట్టని మనిషి. సంతకం ఉన్నది నిజం, లేనిది ఊహ అని మనసారా నమ్ముతాడు. నాకు ఎక్కువ మండుతున్నది అక్కడే. తూకం చెడ్డది కాదని నీకు పోయినసారి రాశాను. తక్కెడలో ఏది వేయాలో, ఏది వేయకూడదో ముందే తేల్చేసుకుని కూర్చుంటే ఇక తూచడం దేనికి?

ఇది నేను బయట చెప్పకూడదు. చెబితే ఉద్యోగం ఉండదు. నువ్వు చెప్పగలవు. జనవరి ఇరవై రెండున గుంటూరులో విచారణ. నువ్వు రా. జయకుమారిని తీసుకురా. నేను వేదిక మీదే ఉంటాను, ఎవరేం మాట్లాడారో మినిట్స్ రాసే పని నాది. నోరు మాత్రం విప్పకూడదు.

ఆరాధన

•

చిలకలూరిపేట,
జనవరి 7

ఆరాధనా,

వస్తున్నాం. పేర్లు నమోదు చేయించాను.

మొన్న సంఘం అధ్యక్షుడు ఇంటికొచ్చాడు. టీ తాగాడు, పిల్లల చదువులడిగాడు. లేచేటప్పుడు, “చెల్లెమ్మా, నీ ఒక్కదాని బిల్లు కోసం ఇంతమంది పొట్టలు కొడతావా?” అన్నాడు. నేను, “అన్నయ్యా, నా బిల్లులో తప్పుంటే చూపించు” అన్నాను. ఆయన హయాత్ వైపు తిరిగి, “బావా, ఇంట్లో మాట్లాడుకోండి” అని వెళ్లిపోయాడు.

ఇంట్లో మాట్లాడుకున్నాం. మాట్లాడుకోవడం అంటే హయాత్ అరిచాడు, నేనూ అరిచాను. ఇప్పుడు ఆయన అన్నం తినేటప్పుడు కూడా నా వైపు చూడటం లేదు. నాకేం పర్వాలేదు. మిల్లు బాగానే ఉంది. ఇరవై రెండున కలుద్దాం, నన్ను చూసి నవ్వకు. నాకు ఏడుపొస్తుంది.

నస్రత్

•

తాడేపల్లి,
జనవరి 25

నస్రత్తూ,

ఆ రోజు నువ్వు జయకుమారి వెనక నిలబడ్డావు. ఆమె ముఖం నీకు కనిపించలేదు. నాకు ఎదురుగా కనిపించింది. అందుకే రాస్తున్నాను.

నువ్వు బాగా మాట్లాడావు. బిల్లు పైకెత్తి చూపించినప్పుడు, “మీకెవడిచ్చాడు మేడమ్ అంత డిస్కౌంటు?” అని వెనక వరసలోంచి ఎవరో అరిచి, హాలంతా నవ్వినప్పుడు, నా వేళ్లు కీబోర్డు మీదే ఆగిపోయాయి. నువ్వు తడబడలేదు. “వచ్చి మా మిల్లులో చూసుకోండి” అన్నావు. ఆ మాట మినిట్స్‌లో ఉంది.

తర్వాత ఆమె పేరు పిలిచారు. వేదికకు అన్ని మెట్లుంటాయని నాకు ముందు తట్టలేదు. అది నా తెలివితక్కువ. ఎక్కేసరికే ఆమె పెదాలు నల్లబడ్డాయి. మైకు పట్టుకుంది. ఎదురుగా గడియారం తిరుగుతోంది, మనిషికి మూడు నిమిషాలు. ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు. ఊపిరి ఒక్కటే వచ్చింది. ఆ ఊపిరిని మైకు హాలంతా వినిపించింది, పగిలిన ఈల ఊదినట్టు. అంతకుముందు నవ్విన వాళ్లంతా తలలు దించుకున్నారు. ఆమె కళ్లు ఎవర్నీ బతిమాలుకోలేదు నస్రత్. మండిపోతున్నాయి. చెప్పాల్సింది గొంతు దాకా వచ్చి నిలబడిపోయిందని చూస్తేనే తెలుస్తోంది. గంట మోగింది. “థాంక్యూ అమ్మా, నెక్స్ట్” అన్నారు మా డైరెక్టరు గారు.

మీరు వెళ్లిపోయాక ఆయన నా దగ్గరికి వచ్చి, “ఆవిడ పేరు దగ్గర, వక్త అభిప్రాయం ఏమీ చెప్పలేదు అని రాయండి” అన్నారు.

నేను అప్పటికే రాసేశాను. “వక్త వేదిక మెట్లు ఎక్కి వచ్చి, ఇచ్చిన మూడు నిమిషాలూ ఊపిరి తీసుకోవడానికి ప్రయత్నించారు. ఆ శబ్దం హాలులో అందరికీ వినిపించింది. మాట్లాడలేకపోయారు.”

“ఇది తీసేయండి” అన్నారు.

“జరిగింది అదే కదా సార్.”

“మినిట్స్ అంటే నవల కాదమ్మా.”

“ఇందులో నేను కల్పించిన మాట ఒక్కటి చూపించండి సార్, తీసేస్తాను.”

ఆయన చూపించలేకపోయారు. నేను తీయలేదు. రాసినదాని కింద సంతకం నాది. నా సంతకం లేకుండా మినిట్స్ చెల్లవు. సంతకం ఉన్నదే నిజమని చెప్పింది ఆయనే కదా.

జయకుమారి ఎలా ఉంది? వెంటనే రాయి.

ఆరాధన

•

చిలకలూరిపేట,
మార్చి 12

ఆరాధనా,

వెంటనే రాయలేకపోయాను. ఇవాళ రాయకుండా ఉండలేకపోతున్నాను.

ముందు జయకుమారి సంగతి. ఆ రోజు వాళ్లాయన జక్రయ్య ఆటోలో తీసుకొచ్చాడు కదా, అదే ఆటోలో వెనక్కి వెళ్లాం. ప్రత్తిపాడులో ఇంటి ముందు దిగాక, “మెట్లెక్కించకుండా, కూర్చోబెట్టి అడిగితే చెప్పేదాన్ని గదమ్మా” అంది. అంతే. నెల రోజులు గుంటూరు ఆస్పత్రికి తిరిగింది. ఇప్పుడు ఇంట్లో ఉంటోంది, పనిలోకి రావడం లేదు.

ఇక ఇవాల్టి సంగతి. మీ కొత్త ముసాయిదా వచ్చింది. పెద్ద మిల్లులకు రూలు పెడతారట. చిన్న మిల్లులకు మినహాయింపట. “చిన్న పరిశ్రమలపై భారం పడకుండా” అని రాశారు. పెద్ద మిల్లులు ఎన్నున్నాయే ఈ చుట్టుపక్కల? వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాళ్ల దగ్గర ఎలాగూ మంచి యంత్రాలున్నాయి. ఆడవాళ్లు దూది మింగుతూ పనిచేసేది మావంటి చిన్న మిల్లుల్లోనే. ఎవరి కోసం రూలు అనుకున్నారో వాళ్లని బయటపడేసి, అవసరం లేనివాళ్లకు పెట్టారు. పైగా దానికి నా పేరు వాడుకున్నారు. చిన్న మిల్లు అంటే నేనే కదా. నా మీద జాలి పడి ఆ ఆడవాళ్ల ఊపిరి తీశారు. నేను అడిగానా ఆ జాలి? నిండు సభలో నిలబడి వద్దని చెప్పిన ఒకే ఒక్క చిన్న మిల్లును నేను. నా అంకె పనికిరాలేదు, నా మాట పనికిరాలేదు. నా మిల్లు చిన్నది కావడం మాత్రం పనికొచ్చింది!

అధ్యక్షుడు ఊరంతా స్వీట్లు పంచాడు. మా ఇంటికీ ఒక పెట్టె పంపాడు.

ఇంకో సంగతి. మిల్లు బాగానే ఉందని నీకు రాశాను, అది అబద్ధం. జనవరి మొదటి నుంచే పత్తి బ్రోకర్లు మా గేటు తొక్కడం మానేశారు. సంఘంవాళ్లు వెళ్లొద్దన్నారట. సీజను మధ్యలో మిషన్లు ఖాళీగా నిలబడ్డాయి. కొంతమందిని పనిలోకి రావద్దని చెప్పాల్సి వచ్చింది. దుమ్ము లేని మిల్లులోంచి నేనే వాళ్లను దుమ్ములోకి పంపించాను. ఎక్కడికి వెళతారు మరి, పక్క మిల్లుకే వెళ్లారు.

హయాత్ నన్ను తిట్టలేదు. అదే భయమేసింది. ఇవాళ స్వీట్ల పెట్టె చూశాడు. తర్వాత అది తీసుకుని బండి మీద వెళ్లి అధ్యక్షుడి ఇంట్లో ఇచ్చేసి వచ్చాడు. ఏమన్నావని అడిగితే, “మా ఇంట్లో ఎవరికీ మంచి జరగలేదు బావా, ఇవి మాకెందుకు అన్నాను” అన్నాడు. రేపటి నుంచి లారీ వేసుకుని పర్చూరు వైపు ఊళ్లకు వెళ్లి, రైతుల దగ్గరే నేరుగా కొంటానంటున్నాడు. రెండు నెలల తర్వాత ఇవాళ నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడు.

నువ్వేం చేస్తున్నావు? నీ మినిట్స్ ఏమయ్యాయి? చదివినవాడు ఒక్కడైనా ఉన్నాడా ఆ ఆఫీసులో?

నస్రత్

•

ఒంగోలు,
ఏప్రిల్ 29

నస్రత్తూ,

పైన ఊరి పేరు చూశావుగా. బదిలీ చేశారు. ఇక్కడ గోదాముల్లో నిల్వల లెక్కలు రాస్తున్నాను. ఆర్డరులో “పరిపాలనా సౌలభ్యం కోసం” అని ఉంది. మా ఆయన తాడేపల్లిలో వంట నేర్చుకుంటున్నాడు. ఫోన్ చేసి పోపులో ముందు ఆవాలా జీలకర్రా అని అడుగుతున్నాడు.

వచ్చేముందు ఒక పని చేశాను. ఫైలు మీద భిన్నాభిప్రాయం రాసే హక్కు మాకుంది. ఎవరూ వాడుకోరు, అంతే. నేను వాడుకున్నాను. మొదట కొట్టేసిన నా లెక్క మొత్తం మళ్లీ రాసి, చిన్న మిల్లుల్ని మినహాయిస్తే ఈ రూలు వల్ల కాపాడబడే ఆడవాళ్లు దాదాపు ఎవరూ ఉండరని తేల్చి, ఫైలుకు జతచేశాను. డైరెక్టరు గారు తీసుకున్నట్టు సంతకం పెట్టి, “మీరు మంచి ఉద్యోగి అమ్మా, ఎందుకిలా?” అన్నారు. మంచి ఉద్యోగిని కాబట్టే సార్ అన్నాను. గొంతు లేచింది. అంత గట్టిగా ఆఫీసులో ఎప్పుడూ మాట్లాడలేదు.

చదివినవాడు ఒక్కడైనా ఉన్నాడా అని అడిగావు. ఉన్నాడు. రూలు బయటికి పోయేముందు న్యాయ శాఖకు వెళ్లాలి. అక్కడ ఎవరో, పేరు కూడా నాకు తెలియదు, మినిట్స్ పూర్తిగా చదివారు. నష్టపోయే మనిషి మాట్లాడలేకపోయిన విచారణను విచారణ అనలేమని ఫైలు వెనక్కి పంపారు. ఖర్చు విషయంలో మీ మిల్లు దగ్గరికి ఇంజినీరును పంపి చూడమన్నారు. ఆ భిన్నాభిప్రాయానికి కూడా జవాబు రాయమన్నారు.

మళ్లీ విచారణ పెడతారు. ఈసారి ప్రత్తిపాడులో. మెట్లుండకూడదు, కూర్చుని మాట్లాడవచ్చు, టైము పెట్టకూడదు. ఇవన్నీ తాడేపల్లి ఆఫీసులోని పాత స్నేహితురాలు ఒకామె చెప్పింది.

నేను రాలేను. నాకు ఆ ఫైలుతో ఇక సంబంధం లేదు. ఏం జరిగిందో నువ్వు రాయాలి. మాట మాటా రాయాలి.

ఆరాధన

•

చిలకలూరిపేట,
ఆగస్టు 20

ఆరాధనా,

జీవో వచ్చింది, నువ్వూ చూసే ఉంటావు. చిన్న మిల్లుల మినహాయింపు తీసేశారు. ఏడాది గడువిచ్చారు. ఇంజినీరు మా మిల్లుకొచ్చి గొట్టాలన్నీ కొలిచి, ఆటోనగర్ షాపుకు కూడా వెళ్లి వచ్చాడు. ఖర్చు మూడున్నర లక్షలని రాశారు. సంతోషమే. కానీ ప్రయోజనాల పట్టిక చూశావా? ఇంటిపనికి విలువ కట్టారు, వంటమనిషి జీతంలో సగం. ఎందుకు సగమో ఎక్కడా రాయలేదు. యాభై దాటినవాళ్లను కలిపారు, అరవై దాటినవాళ్లను మళ్లీ వదిలేశారు. పదేళ్లు ముందుకు జరిపారు, అంతే. దీనికి కూడా అభ్యంతరం రాసి పంపాను. నీకు చెప్పకుండానే పంపాను, నీకు మళ్లీ బదిలీ అవుతుందని.

బ్రోకర్లు తిరిగి వస్తామంటున్నారు. హయాత్ వద్దన్నాడు. రైతుల దగ్గర కొనడమే బాగుందట. పనిలోంచి పంపేసిన వాళ్లలో నలుగురు ఇంకా తిరిగి రాలేదు. వాళ్ల ఇళ్లకు వెళ్లాలి.

ఇక నీకు తెలియనిది రాస్తాను. జూలైలో ప్రత్తిపాడు విచారణ.

పంచాయతీ ఆఫీసు వరండాలో కుర్చీలు వేశారు. మీ డైరెక్టరు గారు, ఇంకో ఇద్దరు అధికారులు వచ్చారు. సంఘం తరఫున అధ్యక్షుడు రాలేదు, లాయరును పంపాడు. నువ్వు నమ్మవు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆడవాళ్లు ఆటోలు కట్టించుకుని వచ్చారు. మా మిల్లువాళ్లే కాదు, అందరి మిల్లులవాళ్లూ. కుర్చీలు చాలక రోడ్డు దాకా నిలబడ్డారు.

జయకుమారిని మొదట పిలిచారు. జక్రయ్య చెయ్యి పట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చుంది. చర్చికి కట్టుకునే తెల్ల చీర కట్టింది. ఒక్కో మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పింది. నేను దగ్గరున్నాను కాబట్టి మాట మాటా రాయగలను.

“నేను పద్దెనిమిదేళ్లప్పుడు మిల్లులోకి వచ్చాను. నాతో పాటు వచ్చినోళ్లు ఎనమండుగురు. ముగ్గురు లేరు. టీబీ అన్నారు. టీబీ మందులేస్తే తగ్గలా. దుమ్మని ఎవురూ చెప్పలా.” ఆగింది. “సోమారం వత్తే భయమేసేది. దేవుడా, ఆదోరం ఇంకొక్క రోజు ఉంచవయ్యా అని మొక్కేదాన్ని. ఇంట్లో కూకుంటే కూలెవరిత్తారు?” మళ్లీ ఆగింది. “నన్ను సున్నా అన్నారంట. నేను సున్నా అయితే, నా కోడలు కోతలకి పోలేదు. నా మనవరాలు బడికి పోలేదు. నేను పొద్దున్నే లేత్తేనే మా ఇంట్లో అందరూ లేచేది. ఆ లెక్క రాసినాయన రోజూ మా ఇంటికాడ ఉంటే తెలిసుండేది.”

అక్కడ చాలాసేపు ఆగిపోయింది. తల వంచుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, భుజాలెగరేస్తూ ఊపిరి లాక్కుంటోంది. లాయరు వాచీ చూసుకున్నాడు. మీ డైరెక్టరు గారు పక్కనున్నాయన వైపు చూశారు. అయిపోయిందనుకున్నారు పాపం. మెల్లగా లేచి, ఆమె దగ్గరికొచ్చి, చాలా మర్యాదగా, “థాంక్యూ అమ్మా. మీరు చెప్పింది రాసుకున్నాం” అని, చేతిలో కాగితం చూసి తర్వాతి పేరు చదవబోయారు.

జయకుమారి తల ఎత్తలేదు. చెయ్యి మాత్రం ఎత్తింది.

“కూకోండి సార్. ఊపిరి తీసుకుంటన్నా. మాట అయిపోలా.”

ఆయన నిలబడే ఉన్నారు. వెనక నిలబడ్డ ఆడవాళ్లలోంచి ఒకామె, “కూకోమంటంది గదయ్యా” అంది.

ఆయన కూర్చున్నారు. అందరూ ఎదురుచూశాం. ఆమెకు మళ్లీ ఊపిరి అందడానికి ఎంతసేపు పట్టిందో నేను చూడలేదు ఆరాధనా, ఎవరూ చూడలేదు. అందాక మొదలుపెట్టి, ఇంకా చాలాసేపు మాట్లాడింది.

నీ
నస్రత్